మా అమ్మ చూసిన బండలాగుడు

నా మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది. కడపలో ఒక సర్కారు బడిలో ఆటల టీచరును. పిల్లలను పరిగెత్తించడం, తప్పు చేసినవాణ్ణి పక్కకు లాగడం నా ఉద్యోగం. వంద మీటర్లు, రిలే, గోనెసంచి పందెం, నోట్లో చెంచా పెట్టుకుని దాని మీద నిమ్మకాయ పడకుండా నడిచే పందెం, అందరికంటే చివర వచ్చినవాడే గెలిచే స్లో సైకిల్ పందెం, అన్నింటికీ సున్నం గీతలు గీసేది నేనే. ఈల ఊదకముందే కాలు కదిపినవాణ్ణి వదలను. ఏడ్చినా వదలను. పిల్లలు నా వెనక నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

పందెం మనిషిదైనా గొడ్డుదైనా ఒకటే అని నా నమ్మకం. ముందు గీత ఉండాలి, తర్వాత ఆ గీతకు అందరూ లోబడాలి. అంతకు మించి ఆటలో ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం మహానంది తిరునాళ్ళలో ఆ నమ్మకానికి తగిలిన దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

మాది కోడుమూరు దగ్గర ఒక మెట్ట ఊరు. మా నాయనకు సేద్యం ఎంత ముఖ్యమో బండలాగుడు అంత ముఖ్యం, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే. ఆ ఆట చూడనివాళ్ళకు చెప్పాలి. ఇద్దరు మనుషులు చేతులు చాపినా చుట్టుకోలేనంత రాతి బండ. దానికి ఇనుప గొలుసు, గొలుసు కొసన కాడి, కాడి కింద రెండు ఎద్దులు. నేల మీద అటూ ఇటూ సున్నం గీతలు గీసి మధ్యలో బాట వదులుతారు. ఎద్దులు బండను ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి. అక్కడ గొలుసు ఊడదీసి, బండకు రెండో వైపు తగిలించి, ఎద్దులను తిప్పి మళ్ళీ ఇటు లాగించాలి. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. పక్కన పరిగెత్తేవాళ్ళెవరూ ఉండరు. ఒక జత తర్వాత ఒక జత వస్తుంది. బండ గీత దాటితే మాత్రం ఆ జత ఆట అక్కడితో సరి.

ఇందులో కూడా తరగతులుంటాయి. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, పాలపళ్ళవి ఒక వరస, రెండు పళ్ళవి ఒక వరస, ఆరు పళ్ళవి ఒక వరస అని విడదీస్తారు. మేము బడిలో పిల్లలను వయసును బట్టి విడదీసినట్లే. కాకపోతే ఎద్దు పుట్టినరోజు గురించి అబద్ధం చెప్పదు, మా పిల్లల అమ్మానాన్నలు చెబుతారు.

కాలేజీలో ఉండగా నేను పరుగు పందెంలో కప్పు గెలిచి ఇంటికి తెస్తే, మా నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది పాపా, ఉలవలు కొలిచేదానికి పనికొస్తాది" అన్నాడు. నిజంగానే కొలిచాడు. ఆ కప్పు ఇప్పటికీ ఉలవల బస్తాలోనే ఉంది.

ఇక మహానందిలో బండ లాగిన మా ఎద్దు సంగతి. దాని తల్లి ఈనిన రెండో రోజే చచ్చిపోయింది. దూడ బతకదని నాయన ఆశ వదులుకున్నాడు. మా అమ్మ వదల్లేదు. సీసాతో పాలు పట్టింది, రాగి గంజి పట్టింది, చలికాలంలో తన పాత చీర కప్పింది. నాలుగు మెతుకులు తినే ఈడు వచ్చాక ఒక సత్తు గిన్నెలో ఉడికించిన ఉలవలు పెట్టడం మొదలుపెట్టింది. గాజుల చేత్తో ఆ గిన్నెను టకటకా కొట్టి, "దాప్పా, దా" అనేది. అంతే, అది ఎక్కడున్నా వచ్చేది. మా అమ్మ గొంతు పెద్దది కాదు. పక్కింటివాళ్ళను పిలవాలన్నా నన్ను పంపేది. అయినా ఆ పిలుపు మాత్రం దానికి ఊరవతలి చేను దాకా వినిపించేది. కట్టుకొయ్యను పెరికేసుకుని, తాడు ఈడ్చుకుంటూ వచ్చి గిన్నెలో మూతి పెట్టిన రోజులున్నాయి.

దాంతో మా ఇంట్లో ఒక కట్టడి పుట్టింది. ఎద్దు కాడి కింద ఉన్నంతసేపు మా అమ్మ నోరు తెరవకూడదు. ఇంటి వెనక మిట్టలో నాయన దానికి బండ లాగడం నేర్పుతుంటే, అమ్మ వంటింట్లో తలుపు వేసుకుని సైగలతో పని నడిపేది. "నీ గొంతు ఇంటే అది నా మాట ఇనదు మే. ఇంట్లోనే గెలవకుంటే రచ్చన ఏం గెలుస్తా" అనేవాడు నాయన. అమ్మ ఒక్క రోజూ ఆ కట్టడి తప్పలేదు. ఒకసారి వేడి గంజి కాలి మీద ఒలికితే పైట నోట్లో కుక్కుకుని కూర్చుంది. నేను చూశాను. కోపం వచ్చింది నాకు, ఎద్దు మీదా నాయన మీదా కూడా. "ఇంత అవసరమా మ్మా" అంటే, కాలు చల్లనీళ్ళలో పెట్టుకుని నవ్వింది.

బండలాగుడికి ఒక ఎద్దు చాలదు. దానికి సరిజోడు పక్క ఊళ్ళో దొరికింది. అది సాయబు మామది. మా నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఊళ్ళో చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు, ఉన్న రోజుల నుంచి ఇద్దరూ ఒకరి పొలంలో ఒకరు చెయ్యి కలిపేవాళ్ళు. కాడికి ఒక పక్క మాది, ఇంకో పక్క వాళ్ళది. ఒకదాని ఒడుపు ఒకటి ఎరిగి లాగేవి. రెండేళ్ళలో ఆ జతకు చుట్టుపక్కల పేరు వచ్చింది. పేరు వస్తే చాలదు కదా, పేరు వెనకే బేరం వస్తుంది. కోస్తా నుంచి ఒక ఆసామి వచ్చాడు. ఇంట్లో పందెపు ఎద్దులకు ఫ్యాన్లు పెట్టి సాకే మనిషి. జత మొత్తంగా కావాలన్నాడు, విడిగా వద్దన్నాడు.

సాయబు మామకు మోకాళ్ళు అరిగిపోయాయి. కొడుకులు కడపలో ఆటోలు తోలుకుంటున్నారు. ఎద్దును సాకే ఓపిక ఆయనకు లేదు. "నా కాళ్ళు పోయినాయప్పా. అవి పేరున్న ఇంటికి పోయి బతకనీ" అన్నాడట. నాయన కాదనలేకపోయాడు. "మహానందిలో ఫస్టు వస్తే జత మీది" అని ముగ్గురూ మాట అనుకున్నారు. మా ఇంట్లో నాయన మాట ఇచ్చాక దాని మీద ఇంకో మాట ఉండదు. మా నాయనకే ఉండదు.

శివరాత్రి సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి సంగతి ఇది. అమ్మ ఎద్దు వీపు రుద్దుతోంది.

"నీకు బాధ లేదా మ్మా?" అని అడిగాను.

"ఇంటి గొడ్డు, ఇంటాయన ఇష్టం. సాకినదాన్ని ఎవరడుగుతారు?"

"నువ్వే అడగొచ్చు కదా, అమ్మొద్దని."

"ఇచ్చిన మాట ఎనక్కి తీసుకోమని జెప్పల్లా? ఆయన తల యాడ పెట్టుకుంటాడు?" అని మళ్ళీ రుద్దుడులో పడింది. రుద్దిన చోటే రుద్దుతోంది. అక్కడ మురికేమీ లేదు.

బయలుదేరే ముందు రోజు ఆమె నాయనతో, "నేను గూడా వస్తా. మహానంది కోనేట్లో మునగల్ల" అంది. నాయన ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళలో ఆమె ఏ పందేనికీ వస్తాననలేదు. పోయే ఎద్దును చివరిసారి చూసుకోవాలని ఆశపడుతోందని ఆయనకూ అనిపించి ఉంటుంది. కాసేపు తల గోక్కున్నాడు.

"రా. గానీ ఆట కాడ నోరు తెరవగాకు."

"తెరవను."

తెల్లారి నేను చూస్తే అమ్మ చిత్రాన్నం కలిపి ఆ సత్తు గిన్నెలో సర్దుతోంది. పైన గుడ్డ కట్టింది.

"మ్మా, ఇది ఎద్దు గిన్నె గదా. క్యారియర్ ఏమైంది?"

"తోమినాలే. అది నీకంటే శుభ్రంగా తింటాది."

నేను తినను గాక తినను అనుకున్నాను. అంతకు మించి దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది. తప్పు పట్టడమే నా ఉద్యోగం, అయినా కళ్ళ ముందు ఉన్నది కనపడలేదు.

మహానందిలో అమ్మ నిజంగానే కోనేట్లో మునిగింది. తడి జుట్టు ముడి వేసుకుని, కొత్త గాజులు కొనుక్కుంది. చేతికి నిండుగా వేయించుకుంది. తర్వాత బండలాగుడు జరిగే చోటికి వచ్చాం. జనం ఇసకేస్తే రాలనట్లున్నారు. ఆడవాళ్ళు కూర్చోవడానికి బాట ఆ చివరి కొసన చోటు వదిలారు, గొలుసు మార్చి ఎద్దులను తిప్పే కొస అన్నమాట. నేను చెట్టు నీడకు పోదామంటే అమ్మ వినలేదు. ఎండలోనే, గీతకు దగ్గరగా, ముందు వరసలో కూర్చుంది. చిత్రాన్నం అంతా పక్కనున్న ఆడవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు పంచిపెట్టింది. గిన్నె ఖాళీ అయింది. ఒళ్ళో పెట్టుకుంది.

మా జతది చివరి వంతు. అప్పటిదాకా లాగిన జతల్లో ఒకటి బాగా ముందుంది. మైకులో కమిటీ ఆయన గొంతు చిరిగేలా చెబుతున్నాడు. మా ఎద్దులు కాడి కిందికి వచ్చాయి. కొమ్ములకు పసుపు, మెడలో గజ్జెలు. తోలేవాళ్ళు కేక వేశారు. గొలుసు బిగిసింది. బండ కదిలింది.

నేను ఎన్నో పరుగులు చూశాను. కానీ ఆ రెండూ ఆ రోజు లాగినట్లు ఏదీ పరిగెత్తడం చూడలేదు. వంగిన మెడలు పైకెత్తకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ, బండ కింద నేల గీసుకుపోతుంటే దుమ్ము మా మీదికి వస్తోంది. అటూ ఇటూ తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. ముందున్న జత దూరాన్ని దాటడానికి ఇంకొక్క లాగుడు చాలు, సమయం ఇంకా మిగిలి ఉంది. కోస్తా ఆసామి లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు. సాయబు మామ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఎద్దు పోతుందన్న దిగులు నాకప్పుడు గుర్తే లేదు. గెలవాలి, అంతే. నా బుద్ధి అంతే.

బండ మా కొసకు వచ్చి ఆగింది. తోలేవాళ్ళు ఎద్దులను తిప్పుతున్నారు. నాయన మాకు వీపు చేసి, వంగి గొలుసును బండకు రెండో వైపు తగిలిస్తున్నాడు. జనం ఊపిరి బిగబట్టారు. మైకాయన కూడా నీళ్ళు తాగడానికి ఆగాడు. గజ్జెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నా పక్కన టకటకా చప్పుడైంది.

"దాప్పా, దా."

గట్టిగా కాదు. పొద్దున వాకిట్లో పిలిచినట్లే.

నేను తల తిప్పేలోగా మా ఎద్దు తల తిప్పింది. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క గుంజు గుంజింది. రెండో ఎద్దు దాని వెంట తూలింది. అప్పుడే తగిలిన గొలుసు బిగిసి బండ అడ్డంగా తిరిగి, సున్నం గీతను చెరిపేసుకుంటూ మా మీదికి వచ్చింది. ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని చెల్లాచెదురయ్యారు. తోలే మనిషి ఒకడు కింద పడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అది ఆ శివుడి దయ. నేను లేచి పరిగెత్తాను, సిగ్గులేకుండా. పరిగెత్తి, వెనక్కి చూస్తే మా అమ్మ కూర్చున్న చోటే కూర్చుని ఉంది. ఎద్దు ఆమె ఒళ్ళోని ఖాళీ గిన్నెలో మూతి పెట్టి నాకుతోంది. దాని నురగ ఆమె చీర మీద కారుతోంది. ఆమె చెయ్యి దాని నుదుటి మీద ఉంది.

నాకు భయం వేసింది. బండ వచ్చిందన్న భయం కాదది. ఈ మనిషిని నేను ఎరగనని భయం. కాలు కాలినా కిక్కురుమనని మనిషి, పక్కింటివాళ్ళను పిలవడానికి నన్ను పంపే మనిషి, అంత జనంలో, అంత లెక్కగా, గొలుసు మారే ఆ ఒక్క క్షణం చూసి పిలిచింది. క్యారియర్ కాకుండా ఆ గిన్నె ఎందుకు తెచ్చిందో, చెట్టు నీడకు ఎందుకు రాలేదో, చేతి నిండా గాజులు ఎందుకు వేయించుకుందో అన్నీ ఒక్కసారి తెలిశాయి నాకు. ముందే అనుకుని వచ్చింది. కోనేట్లో మునిగి మరీ వచ్చింది.

మైకాయన నవ్వుతూ, "ఎద్దుకు ఆకలైనట్లుండాది. అన్నం వాసనకు పోయింది" అన్నాడు. జనం ఘొల్లున నవ్వారు. అందరూ అదే నమ్మారు. గీత దాటింది కాబట్టి మా జత ఆట అక్కడితో సరి అని చెప్పేశారు. కోస్తా ఆసామి కండువా దులుపుకుని, "బాట మీద తిండికి తిరిగే ఎద్దు మాకొద్దండీ" అని కారెక్కి పోయాడు. నాయన వచ్చి ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. గిన్నె వైపు చూశాడు. అమ్మ వైపు చూడలేదు. సాయబు మామ దగ్గరికి పోయి, "నీ ఎద్దును గూడా మా గాటనే కట్టేయప్పా, మేము సాకుతాం" అన్నాడు. మామ తలూపాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎద్దులతో పాటు నాయన, మామ మినీ లారీలో వచ్చారు. అమ్మా నేనూ బస్సులో. నేను ఆపుకోలేకపోయాను.

"మ్మా, కావాలనే పిలిచినావా?"

"ఆకలైంటాదని పిలిచినా."

"గిన్నె ఖాళీగా ఉండాది గదా."

ఆమె చీర మీద ఎండిన నురగను గోటితో గీకింది.

"అది తప్పు మ్మా. ఫౌలు. మా పిల్లలెవరన్నా ఇట్ల చేసింటే నేను ఇంక ఏ ఆటకూ రానిచ్చేదాన్ని కాదు."

"రానీగాకు" అంది. "నాకు ఇంకే ఆటకూ పోయే పని లేదు."

కొంతసేపటికి తల నా భుజం మీద వాల్చి నిద్రపోయింది, హాయిగా, నిమ్మకు నీరెత్తినట్లు. నాకే నిద్ర పట్టలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నది నేను. నాయనకు చెప్పాలా వద్దా అని కోడుమూరు వచ్చేదాకా కొట్టుకున్నాను. చెప్పలేదు. ఆయనకు తెలియకూడదని, తెలిస్తే ఆ ఇల్లు మళ్ళీ ఆ ఇల్లులా ఉండదని నాకు గట్టిగా అనిపించింది. అన్ని గీతలూ గీసే నేను ఆ ఒక్క గీతకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడ్డాను.

తర్వాత రెండు ఎద్దులూ మా గాటనే పెరిగాయి. అమ్మకు ఉలవలు ఉడికించే పని రెట్టింపయింది, ఏ రోజూ విసుక్కోలేదు. కానీ మనుషులు మరిచిపోతారు కదా. మైకాయన జోకు పాతబడింది. మిట్టలో మా జత లాగుడు చూసి ఇంకో ఆసామి వచ్చాడు. సాయబు మామ కర్ర పట్టుకుని వచ్చి, "ఆ పొద్దు అనుకున్న మాటే గదప్పా. ఫస్టు వస్తే జత ఇస్తామన్నది" అన్నాడు. నాయన, "అదే మాట" అన్నాడు. మాటకు గడువు పెట్టుకోలేదు మరి. ఈసారి పందెం మాకు దగ్గరలోనే, ఒక ఊరి జాతరలో.

ఈ ఎండాకాలం సెలవుల్లో నేను ఇంట్లో ఉండగానే ఆ రోజు వచ్చింది. పొద్దున్నే నాయన ఎద్దులను కడిగి కొమ్ములకు పసుపు పూశాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. తలెత్తడం లేదు. ఈసారి తానూ వస్తానని అడగలేదు. ఒకే పని రెండుసార్లు చేస్తే ఎవరైనా పట్టుకుంటారని ఆమెకు తెలుసు. ఎద్దు పోతుంది, అయిపోయింది అనుకున్నాను.

నాయన వంటింటి గడప దగ్గరికి వచ్చి ఆగాడు. చేతుల నిండా పసుపు. లోపలికి చూడకుండా, తలుపు చెక్కకు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"మే, నువ్వు గూడా బయల్దేరు."

అమ్మ ఉలిక్కిపడింది. "నేనెందుకు. ఈడ పని ఉండాది."

"పని సాయంత్రం చేసుకోవచ్చులే." చేతులు తుడుచుకోవడం అయిపోయింది. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. "గొలుసు మార్చే కొసన కూచో. పోయినసారి కూచున్నట్లే."

ఆ రోజు ఆయన మాకు వీపు చేసి, చేతికందే దూరంలో గొలుసు తగిలిస్తున్నాడు. జనమంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో ఆ పిలుపు ఎద్దుకు ఒక్కదానికే వినపడిందని నేనెట్లా అనుకున్నాను?

నాయన రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆ సత్తు గిన్నె మరిచిపోగాకు" అని చెప్పి, ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అమ్మ లేచి, గిన్నె తీసుకుని తోముకోవడానికి పెరట్లోకి పోయింది.